నాన్న రెండుసార్లు తట్టాడు.. మా పడవ షికారు ఆగిపోయింది!

శుక్రవారం సాయంత్రం. తెల్లారితే మా పడవలో మొదటి షికారు. లైఫ్ జాకెట్లు కొన్నాం. పులిహోరకి అమ్మ చింతపండు నానేసింది. డ్రైవ్‌వేలో ట్రెయిలర్ మీద మా పద్దెనిమిది అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతోంది.

నాన్న దాని చుట్టూ ఒక రౌండ్ తిరిగాడు. వెనక మోటారు దగ్గర ఆగాడు. నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని, పిడి వైపుతో వెనక గోడ పైభాగంలో తట్టాడు. ‘టక్’ మంది. మోకాళ్ల మీద కూర్చుని కింద తట్టాడు. ‘బద్’ మంది.

“అబ్బాయ్, రేపు దీన్ని నీళ్లలో దింపొద్దు” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. “నాన్నా, ఇది ఫైబర్ బోటు. మన ఊళ్లో చెక్క నావ కాదు. దీంట్లో పాడవడానికి ఏముంది?” అన్నాను.

“లోపల చెక్కుంది రా” అన్నాడు, అంతే. స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టి లోపలికెళ్లిపోయాడు.

బీటెక్ నేను చదివాను. బోటు నేను కొన్నాను. నెల రోజులు యూట్యూబ్ వీడియోలు చూసి మరీ కొన్నాను. అయినా నా ఫైబర్ బోటు కడుపులో చెక్క ఉందని నాకు తెలీదు!

ముచ్చటపడి కొన్న బోటు

మాది కాకినాడ దగ్గర తాళ్లరేవు వైపు. ఎమ్మెస్ చేద్దామని అమెరికా వచ్చి, ఉద్యోగం దొరికాక అట్లాంటాకి ఉత్తరాన కమింగ్ అనే ఊళ్లో సెటిలయ్యాను. ఇక్కడ తెలుగువాళ్లు బాగా ఎక్కువ. మా ఇంటి నుంచి కాస్త దూరంలోనే లేక్ లేనియర్ ఉంది. చాటహూచీ నది మీద 1950ల్లో బ్యూఫర్డ్ డ్యామ్ కట్టడంతో ఏర్పడిన పెద్ద రిజర్వాయర్ అది. ఎండాకాలం వచ్చిందంటే వీకెండ్‌లో సగం ఊరు అక్కడే ఉంటుంది.

గోదావరి పాయల పక్కన పుట్టినవాణ్ని. నీళ్లు చూస్తూ ఒడ్డున ఎంతకాలం కూర్చుంటాను? నేనూ, నా పాత రూమ్మేటూ కలిసి సెకండ్ హ్యాండ్‌లో బోటు కొందామనుకున్నాం. 1998 మోడల్, 115 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు. ఏడు వేల డాలర్లు, చెరి సగం. అమ్మినాయన మోటారు స్టార్ట్ చేసి చూపించాడు. సీట్లు కొత్తవి, పెయింట్ కొత్తది. అదీ వెనకవైపు మరీ కొత్తగా ఉంది. ఎందుకో అప్పుడు అడగాలని తోచలేదు.

మేలో అమ్మానాన్న వచ్చారు. నాన్నని నా సొంత బోటులో తిప్పాలని నా కోరిక. ఎందుకంటే నాన్న ఒకప్పుడు పడవలు కట్టే వడ్రంగి. ఫైబర్ తెప్పలు వచ్చాక చెక్క పడవల పని తగ్గిపోయింది. కొన్నాళ్లు ఫైబర్ పడవలు చేసే షెడ్డులో కూలికి వెళ్లాడు. తర్వాత తలుపులు, కిటికీలు చేసి నన్ను చదివించాడు. కాలేజీలో ‘మీ ఫాదర్ ఏం చేస్తారు?’ అని అడిగితే ‘బిజినెస్’ అనేవాణ్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, నిజం.

ఆ ఫైబర్ షెడ్డులో నాన్న చేసిన పని ఏంటో ఆ రాత్రే మొదటిసారి అడిగాను. “ఇంజను తగిలించేచోట ఫైబర్ ఒక్కటే ఆగదు. మధ్యలో మందపాటి ప్లైవుడ్ పెట్టి రెండు వైపులా ఫైబర్ వేస్తారు. ఆ చెక్క కోసి ఇచ్చేవాణ్ని నేనే” అన్నాడు.

ట్రాన్సమ్ అంటే..

పడవ వెనక అడ్డంగా ఉండే గోడని ట్రాన్సమ్ అంటారు. ఔట్‌బోర్డ్ మోటారు మొత్తం దానికే వేలాడుతుంది. మా సైజు ఫోర్ స్ట్రోక్ మోటారు బరువు సుమారు 165 నుంచి 175 కిలోలు. అంటే ఇద్దరు భారీ మనుషులు రోజంతా ఆ గోడ పట్టుకుని వేలాడుతున్నట్టు!

బరువు ఒక్కటే అయితే పర్లేదు. థ్రాటిల్ పెంచగానే నీళ్లలో కింద ఉన్న ప్రొపెల్లర్ ముందుకి తోస్తుంది. దాంతో మోటారు కింది భాగం గోడని లోపలికి నొక్కుతుంది, పై బోల్టులు గోడని వెనక్కి లాగుతాయి. గడ్డపారతో గుంజ పీకుతున్నట్టే. అల మీద ఎగిరి పడ్డ ప్రతిసారీ ఇదే వాయింపు.

ఈ దెబ్బ తట్టుకోవాలంటే గోడ మందంగా, గట్టిగా, తేలిగ్గా ఉండాలి. అందుకే పాత ఫైబర్‌గ్లాస్ బోట్లలో చాలావాటికి ట్రాన్సమ్ ఒక శాండ్‌విచ్. బయట ఫైబర్, లోపల ఫైబర్, మధ్యలో దాదాపు అంగుళంన్నర ప్లైవుడ్. రెండు ఫైబర్ పొరల మధ్యా చెక్క గట్టిగా అతుక్కుని ఉన్నంతకాలం అది ఉక్కు గోడే. చెక్క చీకిపోయిందా, మిగిలేది రెండు పల్చటి రేకులు. బయటికి మాత్రం ఏమీ తెలీదు. పెయింట్ అలాగే మెరుస్తుంటుంది.

మరీ ముదిరితే నడుస్తుండగానే మోటారు ఊగుతుంది, బోల్టుల చుట్టూ గోడ చిట్లుతుంది. ఇంకా అలాగే తిప్పితే మోటారు గోడతో సహా ఊడొస్తుంది. అప్పుడు వెనకంతా కన్నమే, నీళ్లు తన్నుకొస్తాయి. ఆ శనివారం మా బోటులో ఎక్కాల్సింది అమ్మ, నాన్న, మా ఆవిడ, నేను, నా ఫ్రెండు. వీళ్లలో అమ్మకి ఈత రాదు.

కన్నం పెడితే బయటపడింది

పొద్దున్నే నా ఫ్రెండ్ వచ్చాడు. సంగతి చెప్తే కొట్టిపారేశాడు. “మామా, సౌండ్ బట్టి ఎలా చెప్తాం? ఫైబర్ ఒకచోట మందం, ఒకచోట పల్చన ఉండొచ్చు కదా” అన్నాడు. అందులోనూ పాయింట్ ఉంది. తట్టి చూడటం అనుమానం పుట్టించడానికి పనికొస్తుంది కానీ, తీర్పు చెప్పడానికి చాలదు.

నాన్న రెండో పరీక్ష పెట్టాడు. మోటారుని పైకి టిల్ట్ చేయించి, కింది కొసని పట్టుకుని పైకీ కిందికీ ఊపమన్నాడు. తను పక్కన కూర్చుని గోడ పైఅంచునే చూస్తున్నాడు. గట్టి ట్రాన్సమ్ అయితే మోటారుతో పాటు బోటు మొత్తం ఊగాలి. మాది అలా కాదు. మోటారు ఊగుతుంటే గోడ విడిగా శ్వాస పీలుస్తున్నట్టు కదిలింది. నా ఫ్రెండు నోరు మూతపడింది.

మూడోది అసలు పరీక్ష. పడవ లోపలి నుంచి, గోడ అడుగున, సన్నటి డ్రిల్ బిట్‌తో చిన్న కన్నం. బిట్‌కి టేప్ చుట్టి గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే అవతలి వైపుకి తేలుతుంది. మంచి చెక్కయితే పొడి పొడిగా, లేత రంగు పొట్టు రావాలి. మా కన్నంలోంచి కాఫీ పొడి తడిపినట్టు నల్లటి ముద్ద వచ్చింది. దాని వెనకే గోధుమరంగు నీళ్లు కారాయి. మూసేసిన పాత సామాన్ల గదిలో పుట్టగొడుగులు మొలిస్తే ఎలాంటి వాసన వస్తుందో, అదే వాసన.

అలా ఐదు కన్నాలు పెట్టాం. డ్రెయిన్ ప్లగ్ చుట్టూ, మోటారు కింద పూర్తిగా పోయింది. పైన రెండు మూలలూ గట్టిగానే ఉన్నాయి. పైన ‘టక్’, కింద ‘బద్’ అని నాన్నకి వినిపించింది ఈ తేడానే.

పులిహోర ఇంట్లోనే తిన్నాం.

నీళ్లలో ఉండే వస్తువు నీళ్లకే పాడైందా?

నా డౌట్ ఇదే. నాన్న సమాధానం చెప్పకుండా ఎదురు ప్రశ్న వేశాడు. “కంచెకి పాతిన గుంజ ఎక్కడ చీకుద్ది?”

ఆలోచిస్తే గుర్తొచ్చింది. పైన ఎండలో ఉన్న భాగం బాగుంటుంది. భూమిలో లోతుగా ఉన్నదీ చాలావరకు బాగుంటుంది. సరిగ్గా నేల మట్టం దగ్గర విరిగిపోతుంది.

కారణం సింపుల్. చెక్కని తినేది నీళ్లు కాదు, ఫంగస్. దానికి నాలుగు కావాలి.. తిండి, తేమ, గాలి, కాస్త వెచ్చదనం. తిండి అంటే చెక్కే. తేమ 20 శాతం లోపు ఉంటే ఫంగస్ పెరగలేదు. పూర్తిగా నీళ్లలో మునిగి ఉంటే గాలి అందక పెరగలేదు. నేల మట్టం దగ్గర నాలుగూ దొరుకుతాయి. ట్రాన్సమ్ లోపల కూడా అంతే. కొంచెం నీళ్లు, కొంచెం గాలి, ఎండకి వేడెక్కే ఫైబర్ గోడలు. పైగా మేము తిప్పేది ఉప్పునీళ్లలో కాదు. ఉప్పు చీకుని కాస్త అడ్డుకుంటుంది. మంచినీళ్లు, అందులోనూ కవర్ లేకుండా వదిలేసిన బోటులో నిలిచే వాననీళ్లు, ఫంగస్‌కి విందు భోజనం.

నాన్న కట్టిన పడవల్లో చెక్క బయటికి కనిపించేది. తడిసేది, ఒడ్డుకి లాగితే ఆరేది. పాడైన పలక కంటికి కనిపించేది, ఆ ఒక్కటీ మార్చేవారు. ఇక్కడ చెక్క రెండు ప్లాస్టిక్ గోడల మధ్య బందీ. నీళ్లు లోపలికి పోవడానికి సూది బెజ్జం చాలు, బయటికి రావడానికి దారి లేదు. చలికాలంలో ఆ నీళ్లు గడ్డకట్టి, ఉబ్బి ప్లైవుడ్ పొరల్ని ఇంకా విడగొడతాయి.

మరి మా బోటులోకి నీళ్లెలా వెళ్లాయి? వెతికితే దొంగలు ఇద్దరు దొరికారు. ఒకటి, ఫిష్ ఫైండర్ సెన్సర్ బిగించిన స్క్రూలు. పాత ఓనరు దాన్ని ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చినట్టున్నాడు, పాత కన్నాల్ని పుట్టీ పెట్టి పెయింట్ కొట్టేశారు. రెండు, డ్రెయిన్ ప్లగ్ ఉండే ఇత్తడి గొట్టం. దాని అంచు చిట్లింది, చుట్టూ సీలెంట్ ఎండి రాలిపోయింది. 170 కిలోల మోటారు మోసిన గోడని ఓడించింది పెన్సిల్ మొన పట్టనంత కన్నాలు!

మా ఆఫీసులో ఒక మాటుంది. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోయిన రోజు తప్పు జరిగిన రోజు కాదు. తప్పు ఎప్పుడో ఆర్నెల్ల కింద ఎవరో తొందరలో రాసిన లైనులో ఉంటుంది. పడవకీ అంతే.

అమ్మేద్దామా?

షాపులో అడిగితే రిపేరుకి 5,800 డాలర్లు అన్నారు. బోటు కొన్నదే ఏడు వేలకి. నేనూ, ఫ్రెండూ మొహాలు చూసుకున్నాం.

“ఐదు కన్నాలు పూడ్చేసి, పెయింట్ వేసి, ఆన్‌లైన్‌లో పెట్టేద్దాం మామా. మనకీ ఎవడో అలాగే అంటగట్టాడు కదా” అన్నాడు వాడు. అబద్ధం ఎందుకు, నాకూ అదే ఆలోచన వచ్చింది. మూడున్నర వేల డాలర్లంటే నాకు తక్కువేం కాదు. ఎమ్మెస్ లోన్ ఇంకా నడుస్తోంది.

నాన్నకి ఇంగ్లిష్ రాదు కానీ మేము మాట్లాడుకునేది తెలుగే కదా. టీ తాగుతూ విన్నాడు. కప్పు కింద పెట్టి, “కొనేవాడు కూడా పిల్లల్నే ఎక్కిస్తాడు” అన్నాడు. తిట్టలేదు, గొంతు పెంచలేదు. కాసేపాగి, “నేను అక్టోబరు దాకా ఉంటాను కదా. ఖాళీగా కూర్చుని టీవీ ఎంతసేపని చూస్తాను? చెక్క తెప్పించు” అన్నాడు.

తొమ్మిది వీకెండ్‌ల పని

మొదట మోటారు దించాం. దానికి ఇంజన్ హాయిస్ట్ అద్దెకి దొరుకుతుంది. తర్వాత బయటి ఫైబర్ పొరని చుట్టూ రెండు మూడు అంగుళాల అంచు వదిలి కోశాం. రంపం లోతు ఫైబర్ మందం వరకే సెట్ చేసుకోవాలి. పొర ఊడదీయగానే కింద ఉన్న చెక్క చేత్తో లాగితే ఊడొచ్చింది, తడిసిన అట్టముక్కలా. పైన బాగున్న చెక్క కోసం మాత్రం నాన్నా నేనూ రెండు రోజులు ఉలితో కుస్తీ పట్టాం. అడుగున పడవ పొడవునా వెళ్లే దూలాలు కూడా తట్టి, చిన్న కన్నం పెట్టి చూశాం. ట్రాన్సమ్ పోయిందంటే వాటికీ అంటుకుని ఉండొచ్చు. అదృష్టం, మావి పొడిగానే ఉన్నాయి.

ఫైబర్ గీకేటప్పుడు వచ్చే ధూళి సంగతి చెప్పాలి. ఒంటికి తగిలితే దూలగొండాకు రాసుకున్నట్టే. ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. ఎండ ఎంతున్నా ఫుల్ హ్యాండ్స్ చొక్కా, కళ్లజోడు, మంచి రెస్పిరేటర్ ఉండాల్సిందే. మొదటి రోజు నేను మామూలు మాస్కుతో హీరోయిజం చేశాను. రాత్రంతా గోక్కున్నాను.

లోపలి ఫైబర్‌ని గీకి, ఫ్యాన్ పెట్టి వారం ఆరనిచ్చాం. తడి మీద ఏదీ అతుక్కోదు. అట్టముక్కతో కొలత తీసి, ముప్పావు అంగుళం మెరైన్ ప్లైవుడ్ రెండు పలకలు కోశాం. మెరైన్ ప్లై ఖరీదు ఎక్కువ, కానీ దాని పొరల మధ్య ఖాళీలు ఉండవు. ఖాళీ ఉంటే నీళ్లకి గది కట్టించి ఇచ్చినట్టే.

అతికించడానికి ఎపాక్సీ వాడాం. బోట్ల తయారీలో మామూలుగా వాడే పాలియెస్టర్ రెజిన్ చవక, కానీ చెక్కకి ఎపాక్సీ పట్టినంత గట్టిగా పట్టదు. ఎపాక్సీలో పొడి కలిపి గారె పిండిలా చిక్కగా చేసుకోవాలి. ఇక్కడే ఒక సీను జరిగింది. జూన్ ఎండ. టైమ్ కలిసొస్తుందని ఒకేసారి పెద్ద కప్పు నిండా కలిపాను. పది నిమిషాల్లో కప్పు చేయి కాల్చేంత వేడెక్కి, పొగలు కక్కి, రాయి అయిపోయింది. అమ్మ “అయ్యబాబోయ్, ఇల్లు తగలబెడతారా ఏంటి!” అని బకెట్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. లోతైన కప్పులో ఆ వేడి బయటికి పోదు. కొంచెం కొంచెంగా కలిపి, వెడల్పాటి ట్రేలో పోసుకోవాలి. ఎండాకాలమైతే నిదానంగా గట్టిపడే హార్డెనర్ వాడాలి.

రెండు పలకల్ని అతికించి ఒకటి చేశాం. నాన్న అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చున్నది అంచుల దగ్గర. “చెక్క నీళ్లు తాగేది పక్కనుంచే” అంటూ అంచులకి మూడు కోటింగ్‌లు వేశాడు. తర్వాత టైల్స్‌కి సిమెంటు పరిచినట్టు లోపలి ఫైబర్‌కి చిక్కటి ఎపాక్సీ పరిచి, పలక పెట్టి, క్లాంపులతో బిగించాం. నాలుగు వైపులా ఎపాక్సీ ఉబికి బయటికి రావాలి. రాలేదంటే మధ్యలో ఎక్కడో ఖాళీ మిగిలిందని లెక్క.

చివర్లో బయట కొత్త ఫైబర్ పొరలు. పాత ఫైబర్ అంచుని ఏటవాలుగా గీకి, కొత్తది దాని మీదకి ఎక్కేలా వెయ్యాలి. ఏటవాలు ఎంతంటే మందానికి పన్నెండు రెట్లు. నేను కాలిక్యులేటర్ తీసేలోపే నాన్న బెత్తెడు కొలిచి గీత గీసేశాడు. కొలిచి చూస్తే తేడా లేదు.

మొత్తం సామాన్లకి 1,400 డాలర్ల దాకా అయింది. ఫ్రెండు మొదటి రెండు వారాలు మొహం చాటేశాడు. మూడో వారం నుంచి బిర్యానీ ప్యాకెట్లతో సహా వచ్చి ఇసుక కాగితం పట్టాడు.

మళ్లీ పాడవకుండా..

కొత్త గోడకి మోటారు బిగించడానికి నేను డ్రిల్ తీశాను. నాన్న ఆపాడు. “బోల్టు చెక్కకి తగలకూడదు” అన్నాడు.

ఈ ఒక్క మాట కోసమైనా ఈ ఆర్టికల్ చదవొచ్చు. అర అంగుళం బోల్టు పెట్టాలంటే ముప్పావు అంగుళం కన్నం పెట్టండి. దాన్ని చిక్కటి ఎపాక్సీతో నింపండి. గట్టిపడ్డాక దాని మధ్యలో అర అంగుళం కన్నం పెట్టండి. ఇప్పుడు బోల్టు చుట్టూ ఎపాక్సీ గొట్టం ఉంటుంది. రేపు సీలెంట్ పోయినా నీళ్లు చెక్కని ముట్టుకోలేవు. చిన్న స్క్రూకైనా ఇదే పద్ధతి.

ఆ తర్వాత సీలెంట్. నీటి మట్టానికి కింద మెరైన్ పాలీయూరిథేన్ లాంటిది వాడాలి. బాత్రూమ్‌లో వాడే సిలికాన్ పనికిరాదు. అవసరం లేని కన్నం అసలు పెట్టొద్దు. సెన్సర్లు తరచూ మార్చేవాళ్లు ఒక ప్లాస్టిక్ బోర్డుని ట్రాన్సమ్‌కి గట్టిగా అతికించి, స్క్రూలన్నీ దానికే బిగించుకోవచ్చు.

ఇంటికొచ్చాక చేసే పని ఇంకా సులువు. డ్రెయిన్ ప్లగ్ తీసెయ్యండి. ట్రెయిలర్ ముందు భాగం కాస్త ఎత్తుగా ఉంచితే నీళ్లన్నీ వెనక్కి వచ్చి కారిపోతాయి. కవర్ వెయ్యండి, కానీ గాలి ఆడేలా వెయ్యండి. రోడ్డు మీద లాక్కెళ్లేటప్పుడు మోటారు కింద సపోర్ట్ రాడ్ పెడితే గుంతల దెబ్బ మొత్తం గోడ మీద పడదు. ఏడాదికోసారి ప్రతి స్క్రూ దగ్గరా చూడండి. గోధుమరంగు మరక కనిపిస్తే దాన్ని తుడవొద్దు, ఎక్కణ్నుంచి వస్తోందో వెతకండి. తేమ కొలిచే మీటర్ కూడా దొరుకుతుంది. లోహం దగ్గర అది తప్పు చూపించొచ్చు కాబట్టి రీడింగ్ ఒక్కటే నమ్మొద్దు.

పాత బోటు కొనేముందు

* వెనక గోడ మీద, నీళ్ల వైపు నుంచి కుడి మూలన 12 అక్షరాల హల్ నంబర్ ఉంటుంది. అమెరికాలో 1972 నవంబరు నుంచి తయారైన బోట్లకి ఇది తప్పనిసరి. 1984 తర్వాత తయారైన వాటిలో చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. కాగితాలతో సరిపోల్చండి.

* వెనకవైపు మాత్రమే కొత్త పెయింట్ ఉంటే కారణం అడగండి.

* మోటారు తగిలించిన గాడి మూలల్లో పగుళ్లు, బోల్టుల వాషర్లు గోడలోకి దిగబడిన గుర్తులు, గోడ ఉబ్బు చూడండి.

* గోడంతా తట్టి, శబ్దం ఎక్కడ మారుతుందో వినండి. మోటారు ఊపి గోడ అంచు కదులుతుందేమో చూడండి.

* డ్రెయిన్ గొట్టం చుట్టూ చూసి, వాసన చూడండి.

* అనుమానముంటే మెరైన్ సర్వేయర్‌ని పిలవండి. కన్నం పెట్టి చూడాలంటే ఓనరు అనుమతి కావాలి. వద్దన్నాడంటే మీకు జవాబు దొరికినట్టే.

ఆగస్టులో ఒక ఆదివారం

మొదట నేనూ, ఫ్రెండూ మాత్రమే ఎక్కాం. ఒడ్డుకి దగ్గర్లోనే అరగంట తిప్పాం. మెల్లగా, తర్వాత ఫుల్ థ్రాటిల్. ఒడ్డుకొచ్చి ప్రతి బోల్టూ చూశాం. గోడ లోపల చెయ్యి పెట్టి చూశాం. పొడి.

అప్పుడు అమ్మానాన్న, మా ఆవిడ ఎక్కారు. అమ్మ లైఫ్ జాకెట్ మీద లైఫ్ జాకెట్ అడిగింది. పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుంది. నాన్న ముందు సీట్లో కూర్చుంటాడని కుషన్ కూడా వేశాను. ఆయన నేరుగా వెనక్కి వెళ్లి ట్రాన్సమ్ పక్కన కూర్చున్నాడు. ఒక అరచెయ్యి గోడ మీద ఆనించాడు. స్పీడ్ పెంచినప్పుడల్లా నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన లేక్ చూడటం లేదు. కళ్లు మూసుకుని ఆ గోడ కదలిక వింటున్నాడు.

అక్కడే పక్క బోటు ఆయన లంగరు వేసి పలకరించాడు. ట్రాన్సమ్ చూసి, పని ఎక్కడ చేయించారని అడిగాడు. “మా నాన్న చేశారు. పడవలు కట్టే వడ్రంగి” అన్నాను.

నాన్న అక్టోబరులో వెళ్లిపోయారు. ఇప్పుడు ప్రతి మార్చిలో బోటు బయటికి తీసేముందు వీడియో కాల్ చేస్తాను. ఫోన్ గోడ దగ్గర పెట్టి, అదే స్క్రూడ్రైవర్ పిడితో పై నుంచి కింది దాకా తడతాను. మొన్న కాల్‌లో సిగ్నల్ సరిగ్గా లేక మధ్యలో ఒకచోట శబ్దం తెగింది.

“అక్కడ మళ్లీ కొట్టు” అన్నాడు నాన్న.

కొట్టాను. ‘టక్’.

“సరే, దింపుకో” అన్నాడు.